ఇద్దరు చార్లీలలో ముందు ఎవరిని చూడాలి?

చాప్లిన్, కీటన్ సినిమాలు చూసేశాం, మూకీల్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగేవారికి నేను రెండు పేర్లు చెబుతాను: చార్లీ బవర్స్, చార్లీ చేజ్. ఇద్దరూ అమెరికావారే. ఇద్దరూ తీసింది ఎక్కువగా ఇరవై నిమిషాల రెండు రీళ్ళ హాస్యమే. ఆ పేరు పెట్టుకున్నాక చాప్లిన్ నీడ తప్పుతుందా?

బవర్స్ కార్టూన్లు తీసి వచ్చినవాడు. వస్తువులను కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫ్రేమే తీసే విద్యను నటుల మధ్యకు తెచ్చాడు. 1926 నాటి ‘ఎగ్డ్ ఆన్’లో పగలని గుడ్ల కోసం యంత్రం కడతాడు. కారు ఇంజను దగ్గర పెట్టిన గుడ్లు ఆ వేడికి పొదుగుతాయి. పెంకుల్లోంచి వచ్చేవి కోడిపిల్లలు కావు, బుల్లి కార్లు! అవి బుడిబుడిగా వెళ్ళి తల్లి కారు కిందికి దూరుతాయి. మొదటిసారి చూసినప్పుడు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అయితే అలాంటి వింత వచ్చేదాకా కథ నత్తనడకే. బవర్స్ చేసింది గుర్తుంటుంది కానీ బవర్స్ గుర్తుండడు. చాలా చిత్రాలు పోయాయి కూడా. దొరికినవాటిలో కొన్ని ఫ్రాన్స్‌లో ‘బ్రికోలో’ అనే పేరుతో బయటపడ్డాయి.

చేజ్ దగ్గర ఇంద్రజాలం లేదు. చక్కగా సూటు వేసుకున్న సంసారి, ఒక చిన్న అబద్ధం, అంతే. లియో మెకారే దర్శకత్వంలో వచ్చిన ‘మైటీ లైక్ ఎ మూస్’ (1926) చూడండి. భర్తకు ఎత్తు పళ్ళు, భార్యకు పెద్ద ముక్కు. ఒకరికి తెలియకుండా ఒకరు సరిచేయించుకుంటారు. బయట ఎదురుపడితే పోల్చుకోలేక సరసం మొదలుపెడతారు! చివర్లో భార్య చూస్తుండగా చేజ్ తనతో తానే కొట్లాడతాడు. పెట్టుడు పళ్ళు తగిలించుకుంటే మొగుడు, తీసేస్తే ప్రియుడు. గుమ్మంలో ఒకడు మాయమై మరొకడు ప్రత్యక్షమవుతుంటే, కష్టపడుతున్నది ఒక్కడేనని తెలిసిన మనకు పొట్ట చెక్కలవుతుంది.

నా ఓటు చేజ్‌కే. బవర్స్‌ను చూసి ఆశ్చర్యపోతాం, ఆశ్చర్యం రెండోసారికి సగమవుతుంది. చేజ్ కొట్లాట నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ పళ్ళు ఎక్కడ జారిపోతాయో అని ఇప్పటికీ కంగారే. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం కార్ల గుడ్లతోనే మొదలుపెట్టండి.