హార్డ్‌డిస్క్ పోతే ఏది మేలు: ఇంట్లో సాఫ్ట్‌వేరా, ద్వారకానగర్ షాపా, హైదరాబాద్ ల్యాబా?

మా నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. చివరి మూడేళ్లూ సాయంత్రం మేడ మీద కూర్చుని చిన్నప్పటి భీమిలి గురించి, ఉద్యోగం రోజుల గురించి చెబుతుంటే నేను ఫోన్లో రికార్డు చేసేవాణ్ణి. నెలకోసారి వాటిని 1 టీబీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఫోన్లో చోటు చాలక అక్కడ చెరిపేసేవాణ్ణి. ఆయన పోయిన ఏడాదికి ఆ డిస్క్ టిక్ టిక్‌మనడం మొదలుపెట్టింది. నేను దాన్ని దగ్గర్లో ఉన్న ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. అక్కడ ఏం జరిగిందో కింద చెబుతాను. ఆ తర్వాత ఈ రెండేళ్లలో చుట్టాల డిస్కులు మరో మూడు నా దగ్గరికి వచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో వైద్యం పనిచేసింది. అందుకే ఎవరైనా "రికవరీకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగితే నేను ముందు "డిస్క్ శబ్దం ఎలా ఉంది?" అని అడుగుతున్నాను.

శబ్దం మామూలుగా ఉండి, కంప్యూటర్‌లో డిస్క్ కనిపిస్తూ, ఫైళ్లు మాత్రమే పోతే అది ఇంట్లో చేసుకోగలిగిన పని. అసలు శబ్దమే లేక, తిరగక, లైటు కూడా వెలగకపోతే చాలాసార్లు తప్పు డిస్క్‌కి ఉండే సర్క్యూట్ బోర్డులో ఉంటుంది, దానికి మన ఊళ్లో చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాలు తీసి మార్చే పని తెలిసిన మనిషి చాలు. టిక్ టిక్ అన్నా, గీసుకుంటున్నట్టు వినిపించినా ల్యాబ్ తప్ప వేరే దారి లేదు. వీటి మధ్యలో ఇంకో రకం ఉంది, డిస్క్ తిరుగుతుంది, కనిపిస్తుంది, కానీ ఫోల్డర్ తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మొదటి రకం తొందరగా చెప్పేస్తాను. మా మేనల్లుడు ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, షిఫ్ట్ డిలీట్ కొట్టి థీసిస్ ఫోల్డర్ మొత్తం పోగొట్టుకున్నాడు. విండోస్‌లో ఫైల్ డిలీట్ చేస్తే ఆ చోటు ఖాళీ అని పట్టికలో రాసుకుంటుంది అంతే, అసలు డేటా దాని మీద ఇంకోటి రాసేదాకా అలాగే ఉంటుంది. అందుకని ఆ కంప్యూటర్ అప్పటికప్పుడు ఆపేయమన్నాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లోకి డౌన్‌లోడ్ చేస్తే పోయిన ఫైల్ మీదే అది కూర్చోవచ్చు, కాబట్టి డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాం. రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఉచితం, వాడడం తేలిక. పార్టిషన్ (డి డ్రైవ్ లాంటి డిస్క్ భాగం) మొత్తం మాయమైతే టెస్ట్‌డిస్క్ మంచిది, అదీ ఉచితమే. దాంతోపాటే వచ్చే ఫొటోరెక్ ఫైళ్ల లోపలి గుర్తులు చూసి ఏరుకొస్తుంది, కానీ పేర్లు రావు, వేల ఫైళ్లు నంబర్లతో వచ్చి పడతాయి. మావాడు రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాడు. అయినా దొరికింది, అదే గొప్ప. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితంగా స్కాన్ చేసి ఏం దొరికిందో చూపిస్తాయి, ఫైల్ ప్రివ్యూలో సరిగ్గా తెరుచుకుంటేనే డబ్బు కట్టండి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లాలు లేని, చిప్‌లతో నడిచే డిస్క్) అయితే మాత్రం ఇంత ఆశ పెట్టుకోవద్దు. విండోస్ 7 నుంచీ ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది, డిలీట్ చేసిన చోటు ఇక అక్కర్లేదని సిస్టమ్ డిస్క్‌కి చెప్పేస్తుంది, అది తీరిక చూసుకుని తుడిచేస్తుంది. అలాగే హార్డ్‌డిస్క్‌కి క్విక్ ఫార్మాట్ (పైపైన పట్టిక మాత్రం చెరిపేది) చేస్తే చాలావరకు తిరిగి వస్తుంది కానీ, విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే మొత్తం సున్నాలు రాయడమే, దాని తర్వాత ల్యాబ్‌కి వెళ్లినా లాభం లేదు.

ఇక షాపు సంగతి. మా బావకి గాజువాకలో ఫొటో స్టూడియో ఉంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక కుర్రాడు హడావిడిలో 12 వోల్టుల ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ పెట్టేశాడు, పిన్ను పట్టేసింది. బావ ఫోన్ చేసి "ఒరేయ్, లైటు కూడా వెలగట్లేదురా, నాలుగు పెళ్లిళ్లు ఉన్నాయిరా అందులో" అన్నాడు, గొంతు వణుకుతోంది. ఇలాంటి దాంట్లో మొదట చూడాల్సింది, పోయింది పెట్టెలో ఉండే చిన్న యూఎస్‌బీ బోర్డా, డిస్క్ సొంత బోర్డా అని. ప్లాస్టిక్ పెట్టె విప్పి లోపలి డిస్క్‌ని కంప్యూటర్ లోపల డిస్కులకి వాడే సాటా కేబుల్‌తో నేరుగా తగిలిస్తే తెలిసిపోతుంది. పెట్టె విప్పడం వేరు, డిస్క్ మూత విప్పడం వేరు, ఈ రెండోది ఎవరూ ఇంట్లో చేయకూడదు. కొన్ని కంపెనీల డిస్కుల్లో ఆ యూఎస్‌బీ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేసినట్టు రహస్య రూపంలోకి మార్చేస్తుంది, అప్పుడు ఆ బోర్డుని పారేయకుండా జాగ్రత్తగా ఉంచుకోవాలి.

బావ డిస్క్ నేరుగా పెట్టినా తిరగలేదు. ద్వారకానగర్‌లో చిప్ లెవెల్ చేసే ఒకాయన మల్టీమీటర్ పెట్టి చూసి, టీవీఎస్ డయోడ్ షార్ట్ అయిందన్నాడు. ఎక్కువ వోల్టేజీ వచ్చినప్పుడు మిగతా బోర్డుని కాపాడి తాను చచ్చిపోవడమే దాని పని. దాన్ని తీసేశాడు, డిస్క్ తిరిగింది, అక్కడే కూర్చుని మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాం. ఆ డయోడ్ లేని డిస్క్‌కి ఇక రక్షణ ఉండదు కాబట్టి మళ్లీ వాడకూడదు. తీసుకున్నది 1,800. ఇదే పని ల్యాబ్‌లో అయితే పది రెట్లు అయ్యేదని నా నమ్మకం. బోర్డు జబ్బుకి మన ఊరి షాపే మేలు అని నేను ఖచ్చితంగా చెబుతాను. కాకపోతే "అదే మోడల్ పాత డిస్క్ బోర్డు పెట్టేస్తే సరిపోతుంది" అనేవాళ్ల దగ్గర ఆగండి. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి దాని సొంత కొలతలు బోర్డు మీది చిన్న ఎనిమిది కాళ్ల చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ని కొత్త బోర్డు మీదికి మార్చకుండా బోర్డు ఒక్కటే మారిస్తే డిస్క్ పనిచేయదు. ఆ చిప్ సంగతి మీరు అడగకముందే ఆయనే ఎత్తితే మంచి చెయ్యే.

ఇప్పుడు మా నాన్న డిస్క్. టిక్ టిక్ ఎందుకు వస్తుందో అప్పుడు నాకు తెలీదు. లోపల పళ్లాలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటే, వాటి మీద హెడ్ అనే చిన్న చదివే భాగం నానోమీటర్లలో కొలిచేంత ఎత్తులో తేలుతూ చదువుతుంది. హెడ్ దెబ్బతింటే తానెక్కడుందో దానికి తెలీదు, వెతుక్కుని దొరక్క మొదటికి వస్తుంది, మళ్లీ వెతుకుతుంది, ఆ రాకపోకల శబ్దమే టిక్ టిక్. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆ విరిగిన హెడ్ పళ్లెం మీద గీసే ప్రమాదం ఉంది. నేను ఇంట్లోనే ఇరవై సార్లు పెట్టి తీసి ఉంటాను, ఈసారైనా వస్తుందేమో అని. తర్వాత షాపులో అతను నా కళ్ల ముందే, ఫ్యాన్ తిరుగుతున్న టేబుల్ మీద, మూత విప్పి వేలితో హెడ్ జరిపి మళ్లీ కరెంటు ఇచ్చాడు. నాలుగు సెకన్లు బాగానే తిరిగింది. తర్వాత గీసుకున్న శబ్దం వచ్చింది.

అప్పుడు హైదరాబాద్ ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. వాళ్లు దుమ్ము లేని గదిలో విప్పి చూసి ఫొటో తీసి చూపించారు, పళ్లెం మీద గుండ్రంగా గీత. అయస్కాంత పూతే లేచిపోయిన చోట చదవడానికి ఏమీ మిగలదు, ఎంత ఖర్చు పెట్టినా రాదు అన్నారు. మూత తీయకముందు తెచ్చి ఉంటే హెడ్లు మార్చి ప్రయత్నించేవాళ్లం, సుమారు 32 వేలు అయ్యేది అని కూడా చెప్పారు. ల్యాబ్ అంటే పెద్ద మొత్తం అవుతుందని భయపడే నేను మొదట షాపుకి వెళ్లాను.

ల్యాబ్‌కి అంత ఎందుకు అవుతుందో తెలిస్తే ఆ డబ్బు అన్యాయంగా అనిపించదు. అదే మోడల్, హెడ్ల అమరిక కూడా సరిపోయే ఇంకో డిస్క్ కొని, దాని హెడ్లు తీసి దీనికి పెట్టాలి. ఆ హెడ్లు ఎంతసేపు బతుకుతాయో తెలీదు కాబట్టి పీసీ-3000 లాంటి పరికరంతో బాగున్న భాగాలు ముందు, పాడైన భాగాలు చివర చదివించుకుంటారు. షాపుల్లో ఈ పని జరగదు, చేస్తామని సైన్‌బోర్డు పెట్టినా చాలాచోట్ల డిస్క్ తీసుకుని బయటికి పంపిస్తారు. అది తప్పేం కాదు, కానీ ముందే అడగండి, "ఇక్కడే చేస్తారా, పంపిస్తారా, పంపేముందు మీరు విప్పుతారా?" అని. విప్పుతామంటే డిస్క్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. ల్యాబ్‌లో కూడా అడగాల్సినవి ఉన్నాయి, డేటా రాకపోతే ఏమీ కట్టక్కర్లేదా, లేక పరీక్షకీ హెడ్ల కోసం కొన్న డిస్క్‌కీ కట్టాలా, డబ్బు కట్టేముందు ఫైళ్ల జాబితా చూపిస్తారా, పని అయ్యాక వాళ్ల దగ్గరున్న కాపీ ఎప్పుడు చెరిపేస్తారు. కుటుంబం ఫొటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి కదా, ఈ ప్రశ్న అడగడం సబబే.

కొరియర్‌కి ఇవ్వడం కన్నా నేను చేత్తో పట్టుకెళ్లడమే మేలంటాను. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హైదరాబాద్‌లో దిగుతాం. డిస్క్‌ని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, చుట్టూ ఫోమ్ కట్టి, బ్యాగు ఒళ్లో పెట్టుకుంటే చాలు.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో నీళ్లు చేరిన ఇళ్లు ఎన్నో, రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్లలో మునిగిన డిస్క్‌ని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, బియ్యంలో పెట్టడం చేయొద్దు. మామూలు డిస్కులకి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి నీరు లోపలికి వెళ్తుంది, ఆరాక ఉప్పూ బురదా పళ్లెం మీద అతుక్కుపోతాయి. తడిగానే గట్టిగా మూసిన కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపడమే సరైన పద్ధతి. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందనే పాత చిట్కా కూడా వినకండి, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

చివరిగా ఆ మధ్య రకం. అనకాపల్లిలో ఉండే అక్క ల్యాప్‌టాప్ డిస్క్ నత్తలా నడుస్తోంది, పిల్లల చిన్నప్పటి వీడియోలన్నీ అందులోనే. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ గానీ పాస్‌వర్డ్ గానీ లేకుండా ఏ దారిలోనూ ఏదీ తెరుచుకోదు, అందుకని ముందు అది చూసుకున్నాం, అక్క ల్యాప్‌టాప్‌లో లేదు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే పెండింగ్ సెక్టార్లు వందల్లో ఉన్నాయి, అంటే డిస్క్ చదవలేకపోతున్న చోట్లు. అప్పటికే విండోస్, డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపమని అడుగుతోంది. దయచేసి నడపొద్దు, అది పాడైన డిస్క్ మీదే రాతలు మార్చేస్తుంది, చదవలేని డిస్క్‌ని గంటల తరబడి ఉరుకులు పెట్టిస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ స్కాన్ కూడా అంతే. ఇక్కడ నేను చూసింది రెండే దారులు, డిస్క్‌ని యథాతథంగా ల్యాబ్‌కి ఇవ్వడం, లేదా లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇంకో పెద్ద డిస్క్‌లోకి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి, ఆ ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ వాడడం. డీడీరెస్క్యూ మేలైన సంగతి ఏమిటంటే, చిక్కు వచ్చిన చోట మొరాయించి కూర్చోదు, దాటేసి బాగున్నది అంతా ముందు తెచ్చుకుని, తర్వాత వెనక్కి వచ్చి మిగిలినవి ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ సెకనుకి 100 ఎంబీ లెక్కన చదివినా మూడు గంటలు పడుతుంది, పాడైనదానికి రోజులు పట్టొచ్చు. కానీ కమాండ్‌లో ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పిల్లల వీడియోల మీద కూర్చుంటుంది. ఆ ధైర్యం లేకపోతే, లేదా మధ్యలో టిక్ అన్న శబ్దం ఒక్కసారి వినిపించినా, ఆపేసి ల్యాబ్‌కే.

అక్కని ముందు అడిగాను, "ల్యాబ్‌కి ఇద్దామా, నేను చేయనా?" అని. ఖర్చు చెప్పాను, నేను చేస్తే ఉన్న ప్రమాదం కూడా చెప్పాను. "నాన్న డిస్క్ తర్వాత నువ్వు చాలా నేర్చుకున్నావు కదరా, నువ్వే చెయ్యి" అంది. సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని రెండుసార్లు సరిచూసి మొదలుపెట్టాను, డిస్క్ పక్కన చిన్న ఫ్యాను పెట్టి. రెండుసార్లు కరెంటు పోయింది, ఆగినచోటి నుంచే సాగింది. నాలుగో రోజు తెల్లవారుజామున పూర్తయింది, కొద్ది సెక్టార్లు తప్ప అంతా వచ్చింది. రెండు వీడియోలు మధ్యలో ఆగిపోతాయి. మిగతావి తెరుచుకున్నాయి, వాటిలో ఒకదాంట్లో మనవరాలి అన్నప్రాసన రోజు నాన్న మాట్లాడుతున్నారు, పదకొండు నిమిషాలు.