పికప్ ట్రక్కుకు చలికాలపు గ్రిల్ కవర్ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

మిన్నెసోటా, నార్త్ డకోటా వంటి చలి రాష్ట్రాల్లో పికప్ ట్రక్కు నడుపుతున్న తెలుగువారు ‘గ్రిల్ మూసేయండి, మైలేజీ 15 శాతం పెంచుకోండి’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవవలసిందిగా మనవి. ట్రక్కు ముందు భాగంలో గాలి లోపలికి వెళ్లే జాలీని (గ్రిల్) కప్పే అటువంటి కవర్‌ను నేను గత డిసెంబరులో 89 డాలర్లకు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఫిబ్రవరి వచ్చేసరికి దాని పుణ్యమా అని మెకానిక్‌కు మరో 340 డాలర్లు చెల్లించుకున్నాను.

వచ్చిన వస్తువు మందపాటి నల్లటి వినైల్ గుడ్డ. గ్రిల్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పేస్తుంది; అవసరమైనప్పుడు కొంత తెరుచుకునే వీలు ఎక్కడా లేదు. తొడిగిన మొదటి రెండు వారాలు నాకు సంతోషంగానే గడిచాయి, ఎందుకంటే ఉదయం ఆఫీసుకు వెళ్లేటప్పుడు క్యాబిన్ కొంచెం త్వరగా వెచ్చబడుతున్న మాట నిజమే. ఆ వెచ్చదనం చూసి ఇంధనం కూడా మిగులుతోందనుకోవడమే నేను చేసిన పొరపాటు.

డాష్‌బోర్డు చూపే మైలేజీని నమ్మకుండా, కవర్ వేయకముందు నాలుగు ట్యాంకులకు, వేశాక నాలుగు ట్యాంకులకు, ఒకే బంకులో నింపించి లెక్క రాసుకున్నాను. ముందు గ్యాలన్‌కు 16.4 మైళ్లు, తరువాత 16.6 మైళ్లు వచ్చాయి. ఈ మాత్రం తేడా గాలి వాలును బట్టి కూడా వస్తుంది. పోనీ అది కవర్ ఘనతే అనుకున్నా, నెలకు 1,000 మైళ్లు తిరిగే నాకు మిగిలేది ముప్పావు గ్యాలన్. గ్యాలన్ 3 డాలర్ల చొప్పున రెండు డాలర్ల పైచిలుకు. ఏడాదిలో నాలుగు నెలలు వాడితే, కవర్ ఖరీదు రాబట్టుకోవడానికి పది చలికాలాలు పడుతుంది. ఆ గుడ్డ అన్నాళ్లు చిరగకుండా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఆ 15 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత అర్థమైంది. మామూలు గ్యాస్ (పెట్రోలు) కారుకు నగర ప్రయాణంలో 77 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద వచ్చే మైలేజీ 20 డిగ్రీల వద్ద సుమారు 15 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణాల్లో ఆ నష్టం 24 శాతం దాకా ఉండవచ్చు. చలికి పోయేదాని అంకెను తీసుకుని, తమ గుడ్డ తెచ్చిపెట్టే లాభంగా అచ్చువేశారన్నమాట. ఆ నష్టానికి కారణాలు అనేకం: చిక్కబడిన ఆయిళ్లు, ఇంజిన్ వేడెక్కడానికి పట్టే సమయం, గాలి తగ్గిన టైర్లు, ఆగి ఉండగానే నడిచే ఇంజిన్, సాంద్రత పెరిగిన గాలి, చలికాలపు గ్యాస్‌లో కాస్త తక్కువగా ఉండే శక్తి. వీటిలో ఒకటి రెండింటిని మాత్రమే, అదీ కొద్దిగా, తాకగల గుడ్డ మొత్తం నష్టాన్ని ఎలా పూడుస్తుంది?

పైగా ఇంజిన్ వేడిని కాపాడే పని ట్రక్కు తనంతట తానే చేసుకుంటుంది. ఇంజిన్ వేడెక్కేదాకా థర్మోస్టాట్ అనే కవాటం కూలెంట్‌ను (ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవాన్ని) అది చల్లబడే రేడియేటర్ వైపు పోనివ్వదు కాబట్టి, ఆ సమయంలో రేడియేటర్‌ను చల్లగాలి ఎంత కొట్టినా ఇంజిన్‌కు పెద్దగా తేడా ఉండదు. కొత్త ట్రక్కులు చాలావాటిలో గ్రిల్ వెనుక వాటంతట అవే మూసుకునే షటర్లు కూడా ఉంటాయి. 2013 మోడల్ రామ్ 1500కే అవి వచ్చాయి. నా ట్రక్కుకూ ఉన్నాయని, చలిలో హైవే మీద అవి ఎక్కువసేపు మూసుకునే ఉంటాయని తెలిసింది మెకానిక్ చెప్పాకే. మూసి ఉన్న తలుపుకు నేను 89 డాలర్ల తాళం వేశాను.

ఇంతవరకు నష్టం డబ్బుతో పోయేది. ఫిబ్రవరిలో ఒక మిత్రుడి ఇల్లు మారుస్తూ, అద్దె ట్రైలర్ నిండా సామాను వేసుకుని ఫార్గో నుంచి మినియాపోలిస్‌కు ఐ-94 మీద బయలుదేరాను. ఆ రోజు మంచు కరుగుతోంది, ఉష్ణోగ్రత 38 డిగ్రీల ఫారెన్‌హీట్. ఫెర్గస్ ఫాల్స్ దాటాక వచ్చే ఎత్తుపల్లాల దగ్గర ఫ్యాన్ హోరెత్తింది, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ ఉష్ణోగ్రత 240 డిగ్రీలకు చేరింది, ఇంజిన్ శక్తిని తగ్గిస్తున్నట్లు తెర మీద హెచ్చరిక వచ్చింది. తరువాతి ఎగ్జిట్‌లో ఆగి, వణుకుతున్న వేళ్లతో కవర్ ఊడదీశాక కొద్ది నిమిషాల్లో వేడి దిగింది. గ్రిల్ వెనుక ఉండేది రేడియేటర్ ఒక్కటే అనుకున్నాను. అక్కడే ఏసీ కండెన్సర్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్, టర్బో ఇంజిన్ అయితే ఇంటర్‌కూలర్ కూడా వరుసగా ఉంటాయి. బరువు లాగేటప్పుడు వీటన్నిటికీ ఒకేసారి గాలి కావాలి.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను, నిజానికి ఇదే ఎక్కువ భయపెట్టింది. బయటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ కవర్ వెనుక చిక్కుకోవడంతో, బయట 25 ఉన్నప్పుడు డాష్‌బోర్డు 50 చూపించేది. రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉండవచ్చన్న హెచ్చరిక రావలసిన రోజుల్లో రాలేదు. గ్రిల్‌లోని రాడార్ కూడా కప్పబడిపోయి, ముందున్న వాహనాన్ని బట్టి వేగం తగ్గించే క్రూజ్ కంట్రోల్ పనిచేయడం మానేసింది.

పాడైన ఆయిల్ మార్పించి, పరీక్షలు చేయించినందుకే ఆ 340 డాలర్లు. కవర్‌తో వచ్చిన కాగితంలో ‘చట్టప్రకారం మీ వారంటీకి ఢోకా లేదు’ అని రాసి ఉంది. అది సగం నిజం. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి వస్తువు తగిలించినంత మాత్రాన తయారీదారు వారంటీ రద్దు చేయకూడదు; కానీ ఆ వస్తువు వల్లే కలిగిన నష్టాన్ని భరించనవసరం లేదు. వాపసు అడిగితే, ఒకసారి బిగించిన వస్తువు తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. ఆ షరతు బిల్లు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

గ్రిల్ కవర్లన్నీ దండగ అని నేను అనడం లేదు. సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన ఉండే చలిలో తిరిగే డీజిల్ ట్రక్కులకు వాటి అవసరం ఉంది, ఎందుకంటే డీజిల్ ఇంజిన్ తక్కువ వేడిని వృథా చేస్తుంది కాబట్టి క్యాబిన్ వెచ్చబడటమే కష్టం. అలాంటివారు తమ మోడల్‌కు తయారీదారే ఇచ్చే, తెరిచి మూసే వీలున్న కవర్ కొని, ఎంత ఉష్ణోగ్రత దాటితే తీసేయాలో, ట్రైలర్ లాగేటప్పుడు ఏం చేయాలో మాన్యువల్‌లో చూసుకోవాలి. నాలాంటి గ్యాస్ ట్రక్కులవారికి, బయలుదేరడానికి రెండు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టిన బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ను కరెంటుతో ముందే వెచ్చబరిచే పరికరం) మేలు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది గనుక వారానికొకసారి గాలి చూసుకోవడానికైతే ఖర్చే లేదు. ఇంజిన్ ఎంతకీ వేడెక్కకపోతే కవర్ కొనే ముందు థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో చూపించండి.

క్రెడిట్ కార్డు బ్యాంకుకు నేను చేసిన ఫిర్యాదు ఇంకా విచారణలోనే ఉంది. ప్రకటన పేజీని, బిల్లును, ట్యాంకుల లెక్కను వారికి పంపాను. ప్రకటనను ఫొటో తీసి దాచుకోవడం మంచిదయింది, ఎందుకంటే ఈ వారం చూస్తే అదే కవర్, అదే బొమ్మ, శాతం మాత్రం 20కి పెరిగింది.