నాసిక్ వైన్ టూర్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్ నుంచి నాసిక్ వైన్ టూర్ అని వాట్సాప్ గ్రూపుల్లో ప్యాకేజీలు తిరుగుతున్నాయి. అలాంటిదొకటి బుక్ చేసుకుని ఈ జనవరిలో మేం ఆరుగురం బాగా దెబ్బతిన్నాం. డబ్బు పోయిందని మాత్రమే కాదు, ఇరవై ఏళ్ల తర్వాత అందరికీ ఒకేసారి సెలవు కుదిరిన ట్రిప్పు అది. ఇంకొకరికి ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

మనిషికి 14,500. మూడు వైనరీలు (వైన్ తయారుచేసే చోట్లు), టేస్టింగ్, ద్రాక్ష తొక్కే కార్యక్రమం, త్ర్యంబకేశ్వర్ దర్శనం, హోటల్ అన్నీ కలిపి అన్నారు. జనవరి 26 సోమవారం పడటంతో మూడు రోజులు కలిసొచ్చాయని సంబరపడ్డాం. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా ఉంటాయి కాబట్టి తోటలు ద్రాక్ష గుత్తులతో నిండుగా ఉంటాయని కూడా ముందే చదువుకున్నాం. శనివారం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు చీకటితోనే నాసిక్ రోడ్‌లో దిగాం.

ఆదివారమంతా గుళ్లు. మన గోదావరి పుట్టే చోటు చూశామన్న తృప్తి ఉంది, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. వైనరీలు మూడూ సోమవారానికి పెట్టారు. "ఆదివారం రష్ ఎక్కువ అక్కా, సోమవారమైతే ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు టూర్ అబ్బాయి. నమ్మాం.

సోమవారం పదకొండింటికి గంగాపూర్ డ్యామ్ వైపు మొదటి వైనరీ గేటు దగ్గర దిగితే సెక్యూరిటీ ఆయన చెప్పిన మొదటి మాట, "ఆజ్ డ్రై డే హై." రిపబ్లిక్ డే కదా! రెస్టారెంటు తెరిచే ఉంది, తోట చూసుకోవచ్చు, కానీ ఒక్క చుక్క కూడా పోయరు, ఒక్క సీసా కూడా అమ్మరు. తప్పు వైనరీది కాదు, వాళ్లు చట్ట ప్రకారమే ఉన్నారు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలని మనందరికీ తెలిసిందే, మన దగ్గరా అంతే. కానీ సెలవు దొరికిందన్న హడావుడిలో ఆరుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఏడాది పొడవునా ఇదే వ్యాపారం చేసేవాడికి తెలియదంటే నేను నమ్మను. ఫోన్ చేస్తే, "గవర్నమెంట్ రూల్ అక్కా, మా చేతిలో ఏముంది" అన్నాడు. రీఫండ్ అడిగితే వైనరీ విజిట్ అయింది కదా అన్నాడు. అప్పుడు మా ఫ్రెండ్ ఫోన్‌లో ఉన్న ఐటినరరీ తెరిచి చూశాం. అందులో నిజంగానే 'వైనరీ విజిట్' అని మాత్రమే ఉంది. టేస్టింగ్ అన్న మాట పోస్టర్‌లో ఉంది, వాయిస్ మెసేజ్‌లో ఉంది, ఆ ఐటినరరీలో మాత్రం లేదు.

అసలు టేస్టింగ్ అంటే ఏమిటో తెలిస్తే ఈ మోసం పట్టుకోవడం తేలిక. మామూలుగా ఐదారు రకాలు వరసగా, ఒక్కోటి రెండు మూడు గుటకలంత పోస్తారు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తియ్యటిది ఆఖర్న. పోసే మనిషి ఇది షెనిన్ బ్లాంక్ (తెల్లది), ఇది షిరాజ్ (ఎర్రది) అని తేడా చెబుతారు. దానికి వైనరీ వాళ్లదే టైమ్ స్లాట్, రుసుము ఉంటాయి. వారాంతాల్లో కొన్ని చోట్ల ఎంట్రీ టికెట్ కూడా ఉంటుంది. కాబట్టి ఏ వైనరీ, ఎన్ని రకాలు, ఏ టైముకి స్లాట్ అని అడగండి. ఆ బుకింగ్ మెసేజ్ చూపించలేకపోతే బుకింగ్ లేనట్టే. వీలైతే మీరే వైనరీకి ఫోన్ చేసి మీ తేదీ చెప్పి అడగండి. మేం ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే అక్కడే తేలిపోయేది. ఎన్నికలుంటే పోలింగ్ ముందు రోజుల్లోనూ అమ్మకాలు ఆపేస్తారు, అదీ చూసుకోండి.

ఇక సీసాల సంగతి. ఆదివారం సాయంత్రం హైవే పక్కన రేకుల షెడ్డు లాంటి షాపు దగ్గర బండి ఆపి, ఫ్యాక్టరీ ధరకే దొరుకుతాయన్నారు. అద్దం వెనకాల సీసాలన్నీ నిలబెట్టి ఉన్నాయి, పడమటి ఎండ నేరుగా వాటి మీదే. నాలుగు కొన్నాం. రాత్రి హోటల్లో ఎర్రది తీయబోతే మూత మీది రేకు పైకి ఉబ్బి ఉంది. వేలితో తడిమితే బిరడా సీసా అంచు దాటి పైకొచ్చి తగిలింది. రేకు చింపితే కింద జిగటగా ఎండిపోయిన ఎర్రటి చార. గ్లాసులో పోస్తే చింతపండు పులుసు రంగు, నోట్లో వెనిగర్ ఘాటు. వైన్‌ని చల్లగా, చీకట్లో ఉంచాలి. వేడికి లోపలిది వ్యాకోచించి బిరడాని తోస్తుంది, ఆ సందులోంచి గాలి చొరబడి రుచి పాడవుతుంది. కొనే ముందు మూత పైభాగం ఒక్కసారి తడమండి, లేబుల్ మీద కారిన మరక ఉందేమో చూడండి, బాట్లింగ్ తేదీ చదవండి. తెల్ల వైన్ తేనె రంగుకి తిరిగి ఉంటే అడుగు వెనక్కి వేయండి.

మిగిలిన మూడూ అక్కడే వదిలేసి వచ్చాం. అదీ ఒకందుకు మంచిదే అయింది. "ఇద్దరికో సీసా పట్టుకెళ్లొచ్చు, ఎవరూ అడగరు" అని షాపతను గట్టిగా చెప్పాడు. లేబుల్ మీద మహారాష్ట్రలో అమ్మకానికి మాత్రమే అని ఉంది. బయటి రాష్ట్రం సీసాలు తెలంగాణలోకి తెస్తే నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్, అంటే ఇక్కడ పన్ను కట్టని మద్యం కింద కేసు పెడతారు. రైళ్లలో, విమానాశ్రయంలో ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న వార్తలు మీరూ చూసే ఉంటారు. ఇలాంటి షాపతని మాట మీద ఆ రిస్కు తీసుకోకండి.

డబ్బు మేం ఒక పర్సనల్ నంబర్‌కి యూపీఐ చేశాం. బిల్లు లేదు, జీఎస్టీ నంబర్ లేదు. అయినా పోస్టరు, వాయిస్ మెసేజ్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. మీకూ ఇలా జరిగి ఉంటే చాట్ డిలీట్ చేయకండి, అవతలివాళ్లు తమ మెసేజ్‌లు చెరిపేసేలోపు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

ఇవాళ పొద్దున అదే గ్రూపులో అదే నంబర్‌తో కొత్త పోస్టర్ వచ్చింది. నాసిక్ వైన్ టేస్టింగ్, ఆగస్టు 15 వీకెండ్, సీట్లు కొన్నే ఉన్నాయట. బొమ్మలో పందిళ్ల నిండా పండిన ద్రాక్ష గుత్తులున్నాయి. ఆగస్టులో అక్కడ తీగలకి ఆకులే ఉంటాయి, గుత్తులుండవు. ఆగస్టు 15 కూడా డ్రై డేనే.