ఏడేళ్లు, నాలుగు పరుపులు: లేచే మంచం మీద నిలిచిందేది?

మా ఇంట్లోకి రిమోట్‌తో తల, కాళ్లు లేచే మంచం 2018 ఆగస్టులో వచ్చింది. మంచం ఇప్పటికీ అదే. మోటార్లు ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాని మీద పరుపు మాత్రం ఇది నాలుగోది. అందుకని మంచం సంగతి పక్కన పెట్టి, పరుపుల సంగతే రాస్తున్నాను. ఇలాంటి మంచం కొనేవాళ్లంతా మోటారు ఎన్ని కిలోలు లేపుతుంది, రిమోట్‌లో ఎన్ని బటన్లు ఉన్నాయి అని చూస్తారు. నేనూ అదే చేశాను. పరుపుదేముంది, పరుపే కదా అనుకున్నాను.

అమ్మకి ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. తల వైపు ఎత్తు పెట్టుకుని పడుకోమన్నారు డాక్టరు. నాలుగు దిండ్లు పెట్టి పడుకోబెడితే తెల్లారేసరికి మూడు నేల మీద, ఒకటి మెడ కింద, అమ్మేమో మంచం మధ్యలో మూటలా. ఆ బాధ పడలేక కొన్న మంచం ఇది. మల్కాజ్‌గిరిలో మాది రెండు గదుల ఇల్లు. పరుపు కొలత 78కి 36 అంగుళాలు.

మొదట ఇంట్లో ఉన్న కొబ్బరి పీచు పరుపే వేశాం. రబ్బరు పాలు పట్టించి నొక్కిన పీచు అట్ట అది. మామూలు మంచం మీద గట్టిగా, బాగానే ఉండేది. వంగే మంచం మీద మాత్రం అట్టపెట్టె మడతలా ఒకే గీత దగ్గర విరిగింది. నాలుగు నెలలకి మంచం కింద రోజూ గోధుమ రంగు పొడి. ఊడ్చే ఆవిడ చెద పట్టిందేమో చూడమంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

రెండోది 2019 జనవరిలో కొన్న స్ప్రింగు పరుపు. ఎనిమిది అంగుళాల మందం, లోపల బోనెల్ స్ప్రింగులు. 'వంగే మంచానికి కూడా పనికొస్తుంది సార్' అన్నాడు షాపతను. పొడవు, వెడల్పు అడిగాడు, అంతే. తల ఎంత లేపుతారు, రోజుకి ఎన్నిసార్లు లేపుతారు అని అడగలేదు. అడగాలని నాకూ తెలియదు.

మొదటి ఆరు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత కిర్రుమనడం మొదలైంది. అమ్మ రిమోట్ నొక్కిన ప్రతిసారీ నడుము దగ్గర ఒక చప్పుడు, మళ్లీ దించినప్పుడు ఇంకొకటి. 'రాత్రంత పండ్లు కొరుకుతాంది రా గీ పరుపు' అనేది. పద్నాలుగో నెలకి నడుము దగ్గర పక్క అంచు బయటికి ఉబ్బింది, లోపల ఏదో గట్టిగా చేతికి తగిలేది. వారంటీ కార్డులో పదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉంది. ఫోన్ చేస్తే ఫోటో పంపమన్నారు. పంపితే, 'ఇది లేచే మంచం మీద వాడారు కాబట్టి వర్తించదు' అన్నారు. అమ్మినప్పుడు పనికొస్తుందన్న నోటితోనే! వాదిద్దామనుకునేలోపు లాక్‌డౌన్ వచ్చిపడింది. ఇంకో తొమ్మిది నెలలు అదే పరుపు మీద పాత దుప్పట్లు మడిచి పరిచి నెట్టుకొచ్చాం.

ఆ ఏడాది అక్టోబరు వానలు హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. ఆ రాత్రి కరెంటు పోయింది, మంచం తల లేచి ఉన్నది లేచినట్టే ఆగిపోయింది. మంచం కింద చిన్న డబ్బాలో రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెడితే, కరెంటు లేకపోయినా మంచం ఒకసారి కిందికి దిగుతుందట. ఆ డబ్బా ఖాళీగా ఉందన్న సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది. మీ మంచానికి ఆ డబ్బా ఉంటే ఇప్పుడే తెరిచి చూడండి.

డిసెంబరులో ఆ పరుపుని మేడ మీదికి మోసుకెళ్లి కత్తెరతో కోశాను. కోపం కొంత, కుతూహలం కొంత. బోనెల్ స్ప్రింగు డమరుకంలా ఉంటుంది, రెండు చివరలా వెడల్పు, నడుము సన్నం. ఇలాంటివి వందల కొద్దీ వరసగా నిలబెట్టి, పైనా కిందా సన్నటి మెలికల తీగతో ఒకదానికొకటి అల్లేస్తారు. మొత్తం చట్రం చుట్టూ పైనొకటి, కిందొకటి లావు తీగ కడతారు, దాన్ని బోర్డర్ వైరు అంటారు. నేను విరిగిన స్ప్రింగుల కోసం వెతికాను. ఒక్కటీ విరగలేదు! చేత్తో నొక్కి వదిలితే ప్రతిదీ కొత్తదానిలా లేస్తోంది. చచ్చింది బోర్డర్ వైరు. నడుము దగ్గర అది మోచేయిలా వంగి, మళ్లీ తిన్నగా కాలేక, బయటికి పొడుచుకొచ్చింది. మెలికల తీగలు రెండు మూడు చోట్ల అల్లిక వదిలి, పైనున్న పత్తి చెత్త అట్టని చీల్చుకుని ఫోమ్‌లోకి దిగాయి. పండ్లు కొరికిన చప్పుడు వాటిదే, స్ప్రింగు చివరి చుట్టుకీ మెలికల తీగకీ మధ్య రాపిడి. ఫోమ్, గుడ్డ ఏం చేసుకుంటావో చేసుకో అని ఇనుము ఒక్కటే తూకం వేసి పట్టుకెళ్లాడు కబాడీ అతను.

ఆ రోజు నుంచి నా లెక్క మారింది. స్ప్రింగు అనేది నొక్కుడు కోసం పుట్టింది. మంచి కార్బన్ స్టీలు తీగని చుట్టి, వేడి చేసి బిగువు పట్టిస్తారు కాబట్టి, దాని హద్దు దాటి నొక్కనంత కాలం అది ఓపిగ్గా లేస్తూనే ఉంటుంది. లేచే మంచం కొత్తగా తెచ్చిపెట్టేది నొక్కుడు కాదు, వంపు. ఆ వంపు పడేది స్ప్రింగు మీద కాదు, స్ప్రింగుల్ని కలిపి ఉంచిన దాని మీద. తీగ అయితే తీగ మీద, జిగురైతే జిగురు మీద, గుడ్డయితే కుట్టు మీద.

పరుపులకి మన్నిక పరీక్షలు లేకపోలేదు. అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం ఎఫ్1566 ప్రమాణంలో దాదాపు 109 కిలోల ఆరు పలకల రోలరుని పరుపు మీద లక్షసార్ల దాకా అటూ ఇటూ దొర్లిస్తారు. యూరప్ వాళ్ల ఈఎన్ 1957లో దాదాపు 140 కిలోల బరువుతో 30 వేల సార్లు. మంచి పరీక్షలే. కానీ అక్కడ పరుపు చాప పరిచినట్టు తిన్నగా ఉంటుంది. మా అమ్మ రోజుకి ఐదారు సార్లు వంచుతుంది. సీరియల్స్ టైముకి 60 డిగ్రీలు, రాత్రికి 30, మధ్యలో మాత్రలకోసారి, కాఫీకోసారి. ఏడాదికి రెండు వేల వంపులు అనుకోండి.

మూడోది 2020 డిసెంబరులో వచ్చింది, రెడీమేడ్ పాకెట్ స్ప్రింగ్. ఇందులో ఒక్కో స్ప్రింగు ఒక్కో గుడ్డ సంచిలో విడిగా ఉంటుంది. అల్లిక తీగ లేదు, సంచుల వరసల్ని జిగురుతో కలుపుతారు. కిర్రు చప్పుడు పూర్తిగా పోయింది. కానీ నేను ఇంకో తప్పు చేశాను. ఎంత మందమైతే అంత మంచిదని పది అంగుళాలది తీసుకున్నాను.

మందం ఎందుకు తప్పో దర్జీ టేపుతో కొలిచాక అర్థమైంది. తల లేపినప్పుడు పరుపు నడుము దగ్గర లోపలికి మడతపడుతుంది. కింది ముఖం మంచం పలకల్ని అంటుకుని ఉంటుంది కాబట్టి దాని పొడవు మారదు. పై ముఖం వంపు లోపలి వైపు పడుతుంది కాబట్టి కుదించుకోవాలి. ఎంత? ఇది స్కూలు లెక్కే. 60 డిగ్రీల దగ్గర, పరుపు మందం ఎన్ని అంగుళాలో పైకీ కిందికీ తేడా కూడా దాదాపు అన్ని అంగుళాలే. పది అంగుళాల పరుపంటే పదిన్నర అంగుళాల పొడవు ఎక్కడికో పోవాలి. కొంత నడుము దగ్గర ముడతలుగా పోతుంది. మిగిలింది తల వైపు జరుగుతుంది. మీ మంచం పక్కన కూర్చుని చూస్తే, తల లేపుతుంటే పరుపు తల వైపు అంచు నిటారుగా ఉండదు, పై భాగం గోడ మీదికి వాలుతుంది. మోకాళ్ల దగ్గర దీనికి ఉల్టా. అక్కడ పై గుడ్డ సాగాలి. నేత గుడ్డతో కుట్టిన పై కవరు సాగదు కదా, ఏడాదిన్నరకి మోకాళ్ల దగ్గర క్విల్టింగ్ దారాలు పటపటా తెగాయి.

స్ప్రింగులు ఇందులోనూ బాగున్నాయి. పోయింది అంచు. స్ప్రింగుల చుట్టూ నాలుగు వైపులా ఫోమ్ గోడ కట్టి జిగురు పెడతారు, కూర్చుంటే అంచు దిగకుండా. నడుము దగ్గర ఆ ఫోమ్ గోడ వంగి వంగి జిగురు వదిలింది, మధ్యలో నాలుగు వేళ్లు దూరేంత సందు. పైనున్న మెమొరీ ఫోమ్ ఇంకో తలనొప్పి. వేడికి మెత్తబడే సరుకది. మే నెల మధ్యాహ్నం అమ్మ వీపు దాంట్లోకి దిగిపోయేది, చెమటతో తడిసిపోయేది. ఏసీ గదిలో ఉండేవాళ్లకి బాగుంటుందేమో. అమ్మకి ఏసీ పడదు.

నాలుగోదాన్ని 2022 సెప్టెంబరులో హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక చిన్న యూనిట్‌లో చెప్పి చేయించాను. ఆ యూనిట్ నడిపేఆయన పాతికేళ్లుగా పరుపులే చేస్తున్నాడు. నా ఫోన్‌లో చచ్చిన పరుపుల ఫోటోలు చూసి, 'స్ప్రింగు చావదు సార్, జాయింట్ చస్తది' అన్నాడు. రెండేళ్లు మేడ మీద కత్తెర పట్టుకుని నేను కనిపెట్టింది ఆయనకి ఒక్క ముక్కలో వచ్చేసింది.

చేసింది ఇది. మొత్తం మందం ఏడున్నర అంగుళాలు. లోపల ఐదు అంగుళాల పాకెట్ స్ప్రింగులు, 1.8 మిల్లీమీటర్ల తీగ. సంచుల మధ్య జిగురు నడిమిలోనే, పైనా కిందా వదులు. వంగినప్పుడు వరసలు చేతివేళ్లలా విచ్చుకోవాలన్నమాట. బోర్డర్ వైరు లేదు. ఫోమ్ గోడ కూడా లేదు. దానికి బదులు చుట్టూ రెండు వరసల స్ప్రింగులు 2 మిల్లీమీటర్ల తీగవి. సంఖ్యలు చూసి చిన్న తేడా అనుకోకండి, తీగ ఆ కాస్త లావైతే స్ప్రింగు బాగా బిగుస్తుంది. పైన 40 డెన్సిటీ (ఘనమీటరుకి 40 కిలోల) ఫోమ్, దాని మీద పలచగా లేటెక్స్, అంటే రబ్బరు పాల ఫోమ్. కవరు బనియన్ గుడ్డలా సాగే అల్లిక గుడ్డ, చుట్టూ జిప్. అడుగున రబ్బరు చుక్కల గుడ్డ, జారకుండా. ఖరీదు 23 వేలు. మూడో పరుపు కన్నా తక్కువే.

మూడేళ్లు దాటింది. చప్పుడు లేదు. జిప్ తీసి రెండుసార్లు లోపలికి చూశాను. వరసల మధ్య జిగురు ఎక్కడా వదల్లేదు, సంచులు చిరగలేదు. నడుము దగ్గర పైన సన్న ముడతలు పడతాయి, దించగానే పోతాయి. మొన్న తాడు కట్టి చూస్తే అమ్మ కూర్చునే చోట అర అంగుళం గుంట ఉంది. అది ఫోమ్ దిగుడే, కింద స్ప్రింగు ఎత్తు తగ్గలేదు. మూడు నెలలకోసారి తలా కాళ్లూ మారుస్తాను. నడుము మడత, మోకాళ్ల మడత పరుపు చివరల నుంచి సమాన దూరంలో ఉండవు కాబట్టి, అలా తిప్పితే మడత కొత్త చోట పడుతుంది. ఉదయం అమ్మ హాల్లో కూర్చున్నంతసేపూ మంచాన్ని తిన్నగా దించి పెడతాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అంచు ఫోమ్ గోడంత గట్టిగా లేదు. చెప్పులు వేసుకోవడానికి అమ్మ అంచున కూర్చుంటే రెండు అంగుళాలు దిగుతుంది. ఒకసారి జారబోయింది కూడా, ఆ వైపు పట్టుకోవడానికి స్టీలు కమ్మీ బిగించాం. జిప్ రన్నర్ రెండో ఏడే ఊడింది, చవక సరుకు. ఒక్కరే ఎత్తి తిప్పాలంటే నడుము పట్టేస్తుంది. కాగితం మీద వారంటీ అంటూ ఏమీ లేదు, ఆయన ఫోన్ నంబరే వారంటీ. అది అందరికీ నచ్చదు. మంచి పేరున్న షాపులో కొంటే సాగే కవరు, బోర్డర్ వైరు లేని పాకెట్ స్ప్రింగ్, ఎనిమిది అంగుళాలు దాటని మందం చూసుకోండి. లేచే మంచం మీద వాడినా వారంటీ వర్తిస్తుందని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట మీద నేను ఒకసారి మునిగాను.

వచ్చే నెల పై ఫోమ్ ఒక్కటే మార్పిస్తున్నాను, జిప్ ఉంది కాబట్టి పరుపంతా మార్చక్కర్లేదు. అంచుకి లావు తీగ వరస ఇంకొకటి కలుపుతారా అని అడగడానికి నిన్న కాటేదాన్‌కి ఫోన్ చేశాను. కొలత చెప్పబోతుంటే ఆయన ఆపి, 'కొలత నా దగ్గరున్నది సార్, అమ్మ ఇప్పుడు తల ఎంత లేపుకుంటున్నది?' అని అడిగాడు.