స్ట్రాటజీ ఖరారయ్యాక ఐటీని పిలవాలా, మొదటి మీటింగ్‌కే పిలవాలా?

"బిజినెస్ ప్లాన్ తయారయ్యాక ఐటీ టీమ్ చేతికిస్తే సరిపోదా? మొదటి నుంచీ వాళ్లెందుకు?" ఈ మధ్య నన్ను చాలామంది ఇదే అడుగుతున్నారు. మా కంపెనీలో రెండు పద్ధతులూ చూశాను కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతాను.

మొదటిది అందరికీ అలవాటైనదే. పైవాళ్లు ఏం చేయాలో తేలుస్తారు, ఐటీ చేసి పెడుతుంది. ఇందులో సుఖం లేకపోలేదు. బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంటుంది, చర్చ త్వరగా తెగుతుంది. ఉన్న వ్యాపారాన్నే ఇంకో నాలుగు బ్రాంచీలకు పెంచుతుంటే ఇదే మేలు. అలాంటప్పుడు ఐటీ హెడ్‌ని గంటల తరబడి కూర్చోబెట్టడం దండగ.

వ్యాపారం తీరే మారుతుంటే మాత్రం ఈ పద్ధతి నిలబడదు. మేము డీలర్లకే అమ్మేవాళ్లం. నేరుగా కస్టమర్లకు అమ్మాలని నిర్ణయించి, మొదలుపెట్టే తేదీ కూడా ప్రకటించేశాక ఐటీకి చెప్పాం. మా సిస్టమ్‌లో కొత్త కస్టమర్ కోడ్ తెరవాలంటే ఒక ఫారం నింపాలి, అకౌంట్స్ వాళ్లు క్రెడిట్ లిమిట్ చూసి ఓకే చేయాలి. రెండు రోజుల పని. ఏడాదికి ఇరవై మంది డీలర్లు చేరినన్నాళ్లూ అది ఎవరికీ అడ్డు కాలేదు. రోజుకు వందల మంది ఆర్డర్ పెట్టేసరికి ఆ ఫారం దగ్గరే అంతా ఆగిపోయింది. గత్యంతరం లేక అన్ని ఆర్డర్లనూ ఒకే డమ్మీ కోడ్ కింద వేశాం. ఎవరు ఏ సరుకు వెనక్కి పంపారో, ఎవరికి డబ్బు తిరిగివ్వాలో తేల్చడానికి ఇద్దరు మనుషులు నెలల పాటు ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టారు. ఆ ఫారం సంగతి తెలిసినావిడ మీటింగ్ జరిగిన గది పక్కనే కూర్చునేది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

నన్నడిగితే అన్నిటికన్నా బరువైన విషయం తేదీ. అది బయటికి రాకముందే ఐటీ మాట వింటే ప్లాన్‌ని సర్దుకోవచ్చు. తర్వాత వింటే టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. 1999లో చాక్లెట్ కంపెనీ హెర్షీ విషయంలోనూ తేదీదే పెద్ద పాత్ర. కొత్త ఈఆర్‌పీ (ఆర్డర్లు, సరుకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టడానికి నాలుగేళ్లు పడుతుందంటే రెండున్నరేళ్లకు కుదించారు. హాలోవీన్ ఆర్డర్లు ముంచెత్తే వేళకు సిస్టమ్ మార్చారు. సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు.

ఐటీని మొదటి మీటింగ్‌కే పిలిచే రెండో పద్ధతికీ లోపాలున్నాయి. మీటింగులు సాగుతాయి. ప్రతిదానికీ "కుదరదు" అనే మనిషి వచ్చి కూర్చుంటే కొత్త ఆలోచన అక్కడే చచ్చిపోతుంది. అయినా నా ఓటు దీనికే. మొదటి వారంలో విన్న "కుదరదు"ని దాటడానికి దారి వెతకొచ్చు, ఆఖరి వారంలో వింటే ఆ వ్యవధి ఉండదు.

ఐటీ బలమే ముందు నడిచి వ్యాపారానికి దారి చూపడం మూడో పద్ధతి. వ్యాపారాన్నీ ఐటీనీ ఎలా జతకలపాలో చెబుతూ హెండర్సన్, వెంకట్రామన్ అనే పరిశోధకులు 1993లో ఇచ్చిన నమూనాలో నాలుగు దారులుంటే, వాటిలో రెండింటికి ఐటీ స్ట్రాటజీయే మొదలు. తన రిటైల్ వ్యాపారం కోసం సంపాదించిన నైపుణ్యంతో అమెజాన్ 2006లో క్లౌడ్ సేవలు అమ్మడం మొదలుపెట్టింది కదా, అదీ ఈ కోవలోదే. అంత బలం ఉన్న కంపెనీలు తక్కువ. కన్సల్టెంట్లతో రోడ్‌మ్యాప్ రాయించుకోవడం ఇంకో దారి. రాసినవాళ్లు వెళ్లిపోయాక దాన్ని తెరిచి చూసేవాళ్లుంటేనే పనికొస్తుంది.

మొదటి మీటింగ్‌కి ఎవర్ని పంపాలన్నది కూడా ముఖ్యమే. సర్వర్ల గురించి బాగా మాట్లాడేవాళ్లకంటే ఆర్డర్ ఎక్కడ పుడుతుంది, ఎవరు ఓకే చేస్తారు, ఎక్కడ ఆగుతుంది అన్నవి చెప్పగలిగే మనిషిని పంపండి. ఇప్పుడు మా దగ్గర కొత్త ప్లాన్ ఏదొచ్చినా తేదీ గడి ఖాళీగానే ఉంటుంది. ఆ ఫారం సంగతి తెలిసినావిడ చదివి సంతకం పెట్టాకే దాన్ని నింపుతాం.