అనంతపురం ఎండల్లో నాలుగేళ్లు: మా బాల్ పైథాన్

బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువ మా ఇంటికొచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పుడు అరచేతిలో పట్టేది, ఇప్పుడు దాదాపు నాలుగడుగులు, కిలోన్నర బరువు. మొదటిసారి పామును పెంచేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. విషం లేదు. భయపడితే కరవడం తక్కువ, తల లోపల దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది.

కొనేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. "బాగా తింటుంది" అన్న అమ్మకందారు మాట నమ్మాను. ఇంటికొచ్చాక ఏడు వారాలు ఏమీ ముట్టలేదు. బతికున్న ఎలుకలకే అలవాటు పడిందని తర్వాత తెలిసింది. బతికున్న ఎలుక పామునే కొరికి గాయం చేయగలదు. ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుకను వేడినీళ్లలో కరిగించి, రాత్రి లైటు ఆపి, పటకారుతో కదిలిస్తూ చూపించేదాన్ని. ఎనిమిదో ప్రయత్నంలో పట్టుకుంది. ఆ టెన్షన్ ఎందుకు? చచ్చిన ఎలుకను తినడం కళ్లారా చూశాకే డబ్బివ్వండి.

అసలు కష్టం మన వాతావరణంతోనే. వీడియోల్లో అందరూ వేడి ఎలా పెంచాలో చెబుతారు. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా జీవి. పెట్టెలో ఒక పక్క 31-32 డిగ్రీలు, రెండో పక్క 26, తేమ 60 శాతం దాకా కావాలి. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం 40 దాటుతుంది, గాలిలో చెమ్మే ఉండదు. మొదటి వేసవిలో కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. జాలీ మూత ఉన్న గాజు పెట్టె తీసేసి ప్లాస్టిక్ టబ్బుకు మార్చాను. కింద తడిపిన కొబ్బరి పొట్టు, పైన అంచు పగలగొట్టి బోర్లించిన మట్టి కుండ. కుండను రోజూ తడుపుతాను, ఎండాకాలం గదిలో కూలర్ వేస్తాను. అప్పటి నుంచి కుబుసం ఒకే తొడుగులా వస్తోంది. "పుట్టలో పాలు పోస్తారు గానీ ఇంట్లో పెట్టుకుంటారా నాయనా" అంటూ ఆ గది గడప తొక్కని మా జేజి, ఆ కుబుసాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

పెట్టె కింద వేడినిచ్చే కరెంటు చాప, అదే హీట్ మ్యాట్, డిసెంబర్, జనవరి రాత్రులకే అవసరం పడింది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మాత్రం వాడొద్దు, పొట్ట కాలిపోతుంది. చలికాలంలో రెండు మూడు నెలలు తినకపోయినా కంగారు పడకండి. వంటింటి త్రాసు మీద వారం వారం తూచండి, బరువు పెద్దగా తగ్గకపోతే బాగున్నట్టే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన కొండచిలువను, జెర్రిపోతును పెంచకూడదు. విదేశీదైనా కాగితాలుండాలి. ఇలాంటి విదేశీ జంతువుల నమోదుకు 2024 నియమాలు వచ్చాక మా దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను. పాములను చూసే డాక్టర్ నాకు బెంగళూరులోనే దొరికారు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయకూడదు, అందుకే పామును తెచ్చుకునే ముందే అలాంటి డాక్టర్ నంబరు సంపాదించి పెట్టుకోండి.