కండెన్సర్ మూత మీది గీత: నాలుగేళ్ల వాడకం తర్వాత

పాత టీవీకి కండెన్సర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బా) కొనేటప్పుడు చాలామంది దాని స్లీవ్ (డబ్బాకు వేసే ప్లాస్టిక్ తొడుగు) మీది పేరు చూసి తీసుకుంటారు. నేను ముందు చూసేది మూత మీది గీత. లోపల ఆవిరి పెరిగితే డబ్బా పేలకుండా అక్కడ చీలాలని నొక్కిన గీత అది. దాని ఆకారం అచ్చును బట్టి వస్తుంది, అచ్చు ఫ్యాక్టరీని బట్టి మారుతుంది. జపాన్ కంపెనీల్లో రూబికాన్ డబ్బాలకు 'కె' ఆకారం, పానసోనిక్ వాటికి 'టి' ఆకారం బాగా తెలిసినవే. స్లీవ్ అయితే ఎవరైనా ముద్రించి తొడిగేయొచ్చు. హైదరాబాద్ కోఠిలోని ఎలక్ట్రానిక్స్ బజారు గుజరాతీ గల్లీలో కౌంటర్ ముందు, చేతిలో మీటర్ లేకుండా చేయగలిగే పరీక్షల్లో నాకు ఇదే ఎక్కువగా అక్కరకొచ్చింది.

సెట్ 1980ల నాటి 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్. వర్టికల్‌లో (బీమ్‌ను పైకీ కిందికీ నడిపే భాగం) టీడీఏ1170 ఐసీ (చిప్). సెట్‌టాప్ బాక్సు నుంచి ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (బొమ్మను పాత టీవీ యాంటెన్నా సాకెట్‌కు సరిపడే సిగ్నల్‌గా మార్చేది) మీదుగా రోజూ రెండు గంటలు నడుస్తుంది. నాలుగేళ్ల కింద బోర్డులో 11 ఎలక్ట్రోలైటిక్‌లు (లోపల ద్రవం ఉండే కండెన్సర్లు) మార్చాను. పది ఇప్పటికీ బాగున్నాయి. రాయాల్సిందంతా పదకొండోదాని గురించే.

అది వర్టికల్ ఐసీ పక్కన ఉండే 100 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, నిల్వ సామర్థ్యం కొలత), 35 వోల్టులది. తెర మీద బొమ్మ గీసే ఎలక్ట్రాన్ బీమ్ కింది నుంచి పైకి తిరిగి వెళ్లే కొద్ది క్షణం ఐసీకి సప్లై కంటే దాదాపు రెట్టింపు ఓల్టేజి అందేది దీనివల్లే. ఇది ఎండిపోయి ఈఎస్‌ఆర్ (కండెన్సర్ లోపలి నిరోధం) పెరిగితే బీమ్ వేళకు పైకి చేరదు. బొమ్మ పై అంచు మడతపడుతుంది, అక్కడ తెల్లటి అడ్డగీతలు వస్తాయి. చాలాసార్లు దీనికి ఐసీ మార్చేస్తారు, అది శుభ్రంగా ఉన్నా సరే. హీట్‌సింక్ (ఐసీ వేడిని లాగే లోహపు పలక) వేడి పక్కనే తగులుతుంది కాబట్టి ఈ కండెన్సర్‌కే ముందు మూడుతుంది.

అక్కడ వేసింది పేరున్న జపాన్ కంపెనీ స్లీవ్ ఉన్నది, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుందని ముద్ర. 14 నెలలకే మడత మళ్లీ వచ్చింది. విప్పి కొలిస్తే 38 ఎంఎఫ్‌డీ, ఈఎస్‌ఆర్ 9 ఓములు. మంచిదైతే ఈఎస్‌ఆర్ ఒక ఓము లోపే ఉంటుంది. డబ్బా కోసి చూస్తే లోపలి చుట్ట సగం ఎత్తే ఉంది, మిగతాదంతా ఖాళీ. మూత మీది గీత మాత్రం అచ్చం ఆ కంపెనీదే.

అంటే అచ్చును కూడా నకలు చేస్తున్నారు. గీత తేడాగా ఉంటే సరుకు నకిలీ అని తేల్చుకోవచ్చు, సరిపోయినంత మాత్రాన అసలుదని నమ్మలేం. పైగా 5 మిల్లీమీటర్ల చిన్న డబ్బాలకు సాధారణంగా గీతే ఉండదు. ఇప్పుడు గీత తర్వాత సిరీస్ అక్షరాలు (కంపెనీ ఆ రకానికి పెట్టిన గుర్తు) చూస్తున్నాను. నిచికాన్ కంపెనీలో వీఆర్ అంటే 85 డిగ్రీలు, వీజెడ్ అంటే 105. స్లీవ్ మీద వీఆర్ అని ఉండి పక్కనే 105 అని ముద్రిస్తే అక్కడే వదిలేయాలి. నేను కోసిన దాని మీద సిరీస్ అక్షరాలే లేవు, అది ముందే చూడాల్సింది. తయారీదారు డేటాషీట్‌లో ప్రతి విలువకూ వ్యాసం, ఎత్తు ఉంటాయి, వెర్నియర్‌తో సరిచూడొచ్చు. అదే విలువ గల రెండు కండెన్సర్లను అరచేతిలో పెట్టుకుంటే బోలుది తేలికగా తగులుతుంది.

ఆ స్థానంలో కేరళలోని కన్నూరులో తయారయ్యే కెల్ట్రాన్ కంపెనీ 63 వోల్టులది వేశాను. డబ్బా కాస్త పెద్దది, కాళ్లు వంచి పెట్టాల్సి వచ్చింది. రెండున్నరేళ్లు దాటినా మడత లేదు. అయితే ఇది రోజుకు రెండు గంటలు నడిచే సెట్. పొద్దస్తమానం నడిచేదానికి ఇదే ఫలితం వస్తుందని చెప్పలేను. రంగుల సెట్ల మెయిన్ ఫిల్టర్ కండెన్సర్‌కైతే గీత చూసి కొనడం నాకు ధైర్యం చాలదు: కరెంటు 250 వోల్టులు వస్తే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాత 350 దాటుతుంది. అక్కడ 400 వోల్టులది, అదీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతోనే కొంటాను.